వ్యాసం రాయడం నేర్పే ట్యూటర్ కావాలి: ఎలా వెతకాలి, ఎలా గుర్తుపట్టాలి?

తొమ్మిదోక్లాసు_అమ్మ
అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లెక్కలు, సైన్సు బాగానే చేస్తుంది. కబుర్లు చెప్పమంటే గంటసేపు ఆగదు. వ్యాసం రాయమంటే మాత్రం తెల్లకాగితం ముందు పెట్టుకుని అలా కూర్చుండిపోతుంది. ఈ టర్మ్‌లో మూడు వ్యాసాలు రాసింది. మూడింటి కిందా టీచరుగారు ఒకటే మాట రాశారు: "ఇంకా లోతుగా రాయాలి." నిన్న రాత్రి మూడో వ్యాసం తెచ్చి నా ముందు పెట్టి, "అమ్మా, లోతుగా అంటే ఇంకో పేజీ రాయాలా?" అని అడిగింది. నాకు సమాధానం తెలియలేదు.

వ్యాసరచనకు విడిగా ట్యూటర్‌ని పెట్టాలనుకుంటున్నాం. లెక్కలకైతే ఎవరిని అడగాలో తెలుసు. దీనికి ఎవరిని అడగాలి? ఆన్‌లైన్ మంచిదా, ఎదురుగా కూర్చుని చెప్పేవాళ్లు మంచిదా? వారానికి ఎన్ని క్లాసులు కావాలి? డెమో క్లాసులో ఏం చూసి సరే అనాలి? మీ పిల్లలకు పెట్టించినవాళ్లు, స్వయంగా చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఈ మధ్య వ్యాసం అనేసరికి పిల్ల ముఖం వాడిపోతోంది, నాకు అదే దిగులుగా ఉంది.

బడిగంట
అమ్మా, నేను హైస్కూల్లో భాష చెప్పి రిటైరయ్యాను. "ఇంకా లోతుగా రాయాలి" అని నేనూ కొన్ని వందల నోటుపుస్తకాల్లో రాసి ఉంటాను. నలభైమంది వ్యాసాలు ఒక్క రాత్రిలో దిద్దుతుంటే పెన్నుకు ముందుగా వచ్చే మాట అది. టీచరుగారిని తప్పుపట్టకండి. కానీ ఆ మాట పట్టుకుని పిల్ల ఎటు వెళ్లాలో తెలుసుకోలేదన్నదీ నిజమే.

నా అనుభవంలో ఆ మాటకు అర్థం చాలాసార్లు ఇది. పిల్ల ఒక మాట అంటుంది. అన్నాక దాని దగ్గర నిలబడకుండా ఇంకో మాటకు వెళ్లిపోతుంది. ఐదు పాయింట్లు ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో వాక్యం. ఎందుకలా అనుకుంటోంది, ఎక్కడ చూసింది, కాదనేవాళ్లకు ఏం చెబుతుంది, ఇవేమీ ఉండవు. పేజీలు పెంచితే ఇది తీరదు. ఐదింటిలో మూడు కొట్టేసి, మిగిలిన రెండింటి దగ్గర ఓపిగ్గా కూర్చుంటే తీరుతుంది.

ట్యూటర్‌ని వెతికేముందు ఒక పని చేయించండి. ఆ మూడు వ్యాసాలూ పట్టుకుని అమ్మాయినే టీచరుగారి దగ్గరికి వెళ్లమనండి. "మార్కులు ఎందుకు తగ్గాయి" అని అడగవద్దు. "వీటిలో మీకు నచ్చిన ఒక్క వాక్యం, చాలదనిపించిన ఒక్క వాక్యం చూపిస్తారా" అని అడగమనండి. ఐదు నిమిషాల పని, ఏ టీచరూ కాదనరు. ఆ రెండు వాక్యాలు చేతిలో ఉంటే ట్యూటర్‌ని ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

వీలైతే తను రాసిన ఒక పేరా ఇక్కడ పెట్టండి. పేరూ బడి పేరూ మాత్రం వద్దు.

నిదానం
మా అబ్బాయి విషయంలో మేం చేసిన పొరపాటు మీరు చేయకూడదని రాస్తున్నాను.

పదో తరగతిలో వాడికి వ్యాసాల కోసమే ఒక ట్యూటర్‌ని పెట్టాం. బాగా చదువుకున్న మనిషి, మాట మంచిది, టైముకు వచ్చేవారు. రెండు నెలల్లో మార్కులు పెరిగాయి. మేం చాలా సంతోషించాం. ఒకరోజు వాడి నోటుపుస్తకం తీసి చూస్తుంటే ఒక వాక్యం కనబడింది: "సాంకేతికత మానవ సంబంధాల స్వరూపాన్నే పునర్నిర్వచించింది." చాలా బాగుంది, "పునర్నిర్వచించడం అంటే ఏంట్రా" అని మామూలుగానే అడిగాను. వాడు తల దించుకున్నాడు. "సార్ చెప్పారు నాన్నా, నేను రాసుకున్నాను."

అప్పుడు వెనక్కి తిరగేసి చూస్తే అన్నీ అంతే. రెండు నెలల పుస్తకంలో కొట్టివేత ఒక్కటీ లేదు. పదిహేనేళ్ల పిల్లాడు ఆలోచిస్తూ రాస్తే కొట్టివేతలు ఉండవా? అది నాకు ముందే తట్టాల్సింది. ఆయన వాక్యం చెప్పేవారు, వీడు రాసేవాడు. పరీక్ష హాల్లో ఆయన పక్కన ఉండరు కదా. ఆ ఏడాది చివరి పరీక్షలో వీడు వ్యాసం ప్రశ్నకు సగం పేజీ రాసి ఆపేశాడు. మార్కులు పోయినందుకు కాదు, ఇంటికి వచ్చి "నాకు రాయడం రాదు నాన్నా" అన్నాడు చూడండి, దానికి బాధపడ్డాను. ట్యూటర్ రాకముందు వాడు ఆ మాట అనేవాడు కాదు.

అందుకని ఎవరిని పెట్టినా సరే, మొదటి నెల నోటుపుస్తకం మీరే చూడండి. పెన్ను ఎవరి చేతిలో ఉందో పుస్తకం చూస్తేనే తెలిసిపోతుంది.

ఎర్రసిరా
నేను పన్నెండేళ్లుగా ట్యూషన్లు చెబుతున్నాను. అందరూ ఆలోచన, లోతు అంటున్నారు, మంచిదే. కానీ వాక్యం సరిగ్గా రాయలేని పిల్లకు లోతు ఎక్కడినుంచి వస్తుంది? నా దగ్గర మొదటి మూడు నెలలు వ్యాకరణమే. వాక్యాలు, అన్వయం, విరామచిహ్నాలు, అక్షరదోషాలు. ఆ తర్వాతే వ్యాసం. పునాది లేకుండా మేడ కట్టలేం. వ్యాకరణం గట్టిగా చెప్పే మనిషిని వెతకండి అని నా సలహా.

రెండోచిత్తు
ఎర్రసిరా గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే ఒక మాట. నేనూ ట్యూటర్‌నే, వ్యాసరచన ఒక్కటే చెబుతాను. మొదట్లో నేనూ మీలాగే మూడు నెలలు వ్యాకరణం చెప్పేదాన్ని. పిల్లలు అభ్యాసాల్లో అన్నీ సరిగ్గా పెట్టేవాళ్లు. వ్యాసంలోకి వచ్చేసరికి అవే తప్పులు మళ్లీ చేసేవాళ్లు. ఎందుకో చాలాకాలం అర్థం కాలేదు.

తర్వాత ఒక పరిశోధన చదివాను. 2007లో స్టీవ్ గ్రాహమ్, డొలొరెస్ పెరిన్ అనే ఇద్దరు 4 నుంచి 12 తరగతుల పిల్లల రచన మీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి, ఏ పద్ధతి ఎంత పనిచేసిందో లెక్కగట్టారు. అన్నిటికన్నా బాగా పనిచేసినవాటిలో ఒకటి, రాసే పనిని మెట్లు మెట్లుగా నేర్పడం: ముందు ఎలా ఆలోచించుకోవాలి, చిత్తు ఎలా రాయాలి, దాన్ని ఎలా తిరగరాయాలి అన్నది. వ్యాకరణాన్ని విడిగా, రాతతో సంబంధం లేకుండా చెప్పడం వల్ల రచన మెరుగుపడకపోగా కాస్త దెబ్బతింది కూడా. వ్యాకరణం అక్కర్లేదని దీనర్థం కాదు. పిల్ల తను రాసిన వాక్యంలోనే తన తప్పు చూసుకున్నప్పుడు అది బుర్రకెక్కుతుంది.

అదే నివేదికలో వాక్యాలు కలిపే అభ్యాసం బాగా పనిచేసిందని ఉంది. చిన్న చిన్న వాక్యాలు మూడు ఇచ్చి, అర్థం పోకుండా ఒక్కటి చేయమనడం. నా క్లాసులో రోజూ మొదటి ఐదు నిమిషాలు అదే. "వాన పడింది. మ్యాచ్ ఆగింది. మేం ఇంటికి వెళ్లలేదు." ఈ మూడింటినీ కలపమంటే ఒకరు "వాన పడి మ్యాచ్ ఆగినా మేం ఇంటికి వెళ్లలేదు" అంటారు, ఇంకొకరు "మ్యాచ్ ఆగిపోయేంత వానలో ఇంటికి ఎలా వెళ్తాం" అంటారు. మూడు వాక్యాలూ అవే, చెప్పింది మాత్రం రెండు వేరువేరు సంగతులు. అన్వయం అంటే ఏమిటో పిల్లలకు అక్కడ తెలుస్తుంది.

ఎర్రసిరా
వాక్యాలు కలిపే అభ్యాసం నేనూ చేయిస్తాను, అది ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోలేను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది వాక్యం మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో తెలియనివాళ్లు. వాళ్లను నేరుగా వ్యాసంలోకి దింపితే భయపడి పారిపోతారు. ముందు ఒక్క వాక్యం నేను రాయగలను అనే ధైర్యం రావాలి.

బడిగంట
ఇద్దరూ వేరువేరు పిల్లల గురించి మాట్లాడుతున్నారు. ఆవిడ అమ్మాయి ఏ రకమో మనకింకా తెలియదు. పేరా చూద్దాం.

తొమ్మిదోక్లాసు_అమ్మ
బడిగంట గారూ, మీరు చెప్పినట్టే పంపాను. టీచరుగారు చాలా ప్రేమగా మాట్లాడారట. ఆవిడ చాలదనిపించిందని చూపించిన పేరా ఇది. విషయం "హోంవర్కు అవసరమా?":

"హోంవర్కు వల్ల విద్యార్థులకు ఒత్తిడి పెరుగుతుంది. హోంవర్కు వల్ల ఆటలకు సమయం ఉండదు. హోంవర్కు వల్ల నిద్ర తగ్గుతుంది. అయితే హోంవర్కు వల్ల క్రమశిక్షణ కూడా వస్తుంది. కాబట్టి హోంవర్కు వల్ల లాభాలు, నష్టాలు రెండూ ఉన్నాయి."

నచ్చిన వాక్యం మాత్రం ఈ వ్యాసంలోది కాదు, మొదటి వ్యాసంలోది. వాళ్ల తాతయ్య కళ్లజోడు గురించి రాసిన ఒక్క వాక్యం: "తాతయ్య పేపరు చదవడం అయిపోయాక కూడా కళ్లజోడు తీయరు, ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని."

రెండోచిత్తు
కళ్లజోడు వాక్యం రాసిన పిల్లకు రాయడం రాదని ఎవరూ అనలేరు. ఆ అమ్మాయి చూడగలదు. హోంవర్కు పేరాలో తను దేన్నీ చూడలేదు, అంతే తేడా. వ్యాకరణంలో తప్పు ఒక్కటీ లేదు, ఐదు వాక్యాలూ నిర్దోషంగా ఉన్నాయి. ఒక్కటి కూడా తనది కాదు. ఎవరైనా రాయగల వాక్యాలు.

ఒక సాయం చేస్తారా? ఈ రాత్రి తనను ఏమీ రాయమనకండి. పక్కన కూర్చుని మొదటి వాక్యం చదివి ఈ మూడే అడగండి: ఒత్తిడి ఎవరికి? ఎప్పుడు? ఆ టైములో గదిలో ఏం జరుగుతోంది? మీరు ఏమీ అందించవద్దు. తను మాట్లాడకపోతే ఊరుకోండి. తను చెప్పింది ఉన్నదున్నట్టు కాగితం మీద రాసిపెట్టుకోండి.

చివరిబెంచి
ఆంటీ, నేను ఇప్పుడు కాలేజీలో ఉన్నాను. స్కూల్లో నా పరిస్థితీ అచ్చం మీ అమ్మాయిదే. నాకు బాగా గుర్తుంది, వ్యాసం అంటే నాకు తెలిసింది ఒకటే, మొదట ముగింపు ఆలోచించి "లాభాలు నష్టాలు రెండూ ఉన్నాయి" అని రాసేయడం. అలా రాస్తే ఎవరూ తప్పు అనరు. ఏదో ఒక వైపు నిలబడితే తప్పవుతుందేమోనని భయం. మీ అమ్మాయికీ అదే భయం ఉందేమో చూడండి.

నాకు చెప్పిన అక్క ఎం.ఏ. చదువుతుండేది, పెద్ద అనుభవం ఏమీ లేదు. తను చేసిన పని ఒకటే, నేను రాసింది నాకే గట్టిగా చదివి వినిపించేది. ఎక్కడ తను తడబడితే అక్కడ నేను గీత పెట్టుకోవాలి. ఎందుకు తడబడిందో తను చెప్పేది కాదు. ఇప్పటికీ నేను ఏం రాసినా గట్టిగా చదువుకుంటాను.

తొమ్మిదోక్లాసు_అమ్మ
రెండోచిత్తు గారూ, మీరు చెప్పినట్టే చేశాను. మొదట "ఏమో అమ్మా, అందరికీ" అంది. నేను ఊరుకున్నాను. అలా ఊరుకోవడం చాలా కష్టమైంది, నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. కాసేపయ్యాక తనే మొదలుపెట్టింది. తన మాటలు ఇలా రాసుకున్నాను:

"ఆదివారం సాయంత్రం అమ్మా. శనివారం ఎవ్వరూ హోంవర్కు ఇవ్వరు అనుకుంటాం కదా. కానీ శుక్రవారం ఐదుగురు టీచర్లూ ఇచ్చేస్తారు. సోషల్ మేడంకి లెక్కల సార్ ఇచ్చింది తెలీదు. సార్‌కి సైన్సు మేడం ఇచ్చింది తెలీదు. ఒక్కొక్కరు అరగంట పని అనే ఇస్తారు. నిజంగా అరగంటే. కానీ ఐదు అరగంటలు. ఎవరిదీ తప్పు కాదు, అందుకే ఎవరికీ చెప్పలేం."

చివరి మాట దగ్గర నాకు కళ్లు చెమర్చాయి. ఏడాదిగా ఆదివారం సాయంత్రాలు ఎందుకు విసుక్కుంటుందో నాకు నిన్ననే తెలిసింది.

బడిగంట
అమ్మా, మీ అమ్మాయి వ్యాసం దొరికింది. "ఎవరిదీ తప్పు కాదు, అందుకే ఎవరికీ చెప్పలేం." హోంవర్కు మంచిదా చెడ్డదా అన్న పాత ప్రశ్నను పక్కకు నెట్టేసింది. బడిలో పెద్దవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదన్నది తను చెబుతున్న సంగతి. నేను ముప్పై ఏళ్లు ఆ స్టాఫ్‌రూముల్లో కూర్చున్నాను, పక్క కుర్చీలో ఉన్నాయన ఏం ఇచ్చాడో ఒక్కనాడూ అడగలేదు. లోతు అంటే ఇదేనని తనకు చెప్పండి.

ఎర్రసిరా
ఈ అమ్మాయికి నా పద్ధతి అక్కర్లేదు, ఒప్పుకుంటున్నాను. చెప్పేది ఉంది, అది కాగితం మీదికి రావడం లేదు. రెండోచిత్తు గారు చెప్పినట్టు అడిగి రాబట్టే మనిషే కావాలి.

గ్యారంటీ_గురు
[ఈ పోస్టును తొలగించారు]

నిర్వాహకులు
సభ్యులకు మనవి. "నెలలో పూర్తి మార్కులు గ్యారంటీ, వ్యాసాలు మేమే సిద్ధం చేసి ఇస్తాం" అని ఫోన్ నంబరుతో వచ్చిన ప్రకటనను తీసేశాం. ట్యూటర్ల నంబర్లు, పిల్లల వివరాలు ఇక్కడ పెట్టకండి. ఆన్‌లైన్ క్లాసులు పెట్టుకునేవాళ్లు పిల్లల్ని తలుపు వేసుకున్న గదిలో కాకుండా ఇంట్లో నలుగురూ తిరిగే చోట కూర్చోబెట్టండి. ట్యూటర్ పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టకుండా తల్లిదండ్రులున్న గ్రూపులోనే పెట్టాలని మొదటిరోజే చెప్పండి. మంచి ట్యూటర్లు దీనికి నొచ్చుకోరు.

వెన్నెలదారి
నాకొక సందేహం. ఈ రోజుల్లో ట్యూటర్ ఎందుకు? ఏఐకి చెబితే నిమిషంలో వ్యాసం రాసిస్తుంది, ఉన్నది దిద్దమంటే దిద్దుతుంది కూడా. మా వాడు అదే వాడుతున్నాడు. తప్పంటారా?

నిదానం
వెన్నెలదారి గారూ, మా అబ్బాయి ట్యూటర్ చేసిన పనే అది ఇంకా వేగంగా చేస్తుంది. పుస్తకంలో కొట్టివేతలు ఉండవు. మీ వాణ్ణి ఆ వ్యాసంలోని ఏదైనా ఒక వాక్యం పట్టుకుని "ఇది ఎందుకన్నావురా" అని అడిగి చూడండి.

రెండోచిత్తు
నేను దాన్ని పూర్తిగా వద్దనను. రాయమంటే చెడగొడుతుంది, ప్రశ్నలు అడగమంటే ఉపయోగపడుతుంది. పిల్లలు చిత్తు రాశాక "దీన్ని తిరగరాయవద్దు, నా వాదనలో బలహీనంగా ఉన్న చోటు మీద మూడు ప్రశ్నలు మాత్రం అడుగు" అని చెప్పమంటాను. కానీ ఎక్కడ పిల్ల ముఖం వెలిగింది, ఎక్కడ మాట మింగింది అన్నది ఎదురుగా ఉన్న మనిషికే కనబడుతుంది. నిన్న అమ్మ ఊరుకున్న ఆ కాసేపట్లోనే కదా అసలు మాట బయటికొచ్చింది.

ఇంకొక సంగతి తల్లిదండ్రులు తెలుసుకోవాలి. ఇది ఏఐ రాసిందా అని పట్టుకునే సాధనాలను నమ్మడానికి లేదు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే అలాంటి సాధనం ఒకటి విడుదల చేసి, సరిగ్గా పట్టుకోలేకపోతోందని 2023 జులైలో ఉపసంహరించుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటివి ఏడింటిని పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవని సగటున ఇవి పొరబడ్డాయి. అంటే నిజాయితీగా రాసిన పిల్ల మీద కూడా నింద పడొచ్చు. అందుకే నా విద్యార్థుల చేత చిత్తులన్నీ తేదీ వేసి దాపిస్తాను. మొదటి చిత్తు, రెండో చిత్తు, కొట్టేసినవి, అన్నీ. ఎవరైనా అడిగితే చూపించడానికి పిల్ల దగ్గర సాక్ష్యం ఉంటుంది.

వెన్నెలదారి
నిదానం గారు చెప్పినట్టు అడిగాను. మా వాడు ఏమీ చెప్పలేకపోయాడు. వాడితో కూర్చుని మాట్లాడాలి. థాంక్యూ అండీ ఇద్దరికీ.

తొమ్మిదోక్లాసు_అమ్మ
ఇప్పుడు నాకు ఎలాంటి మనిషి కావాలో తెలిసింది. ఆ మనిషి ఎక్కడ దొరుకుతారు? వెబ్‌సైట్లలో చూస్తే వందల మంది ఉన్నారు, అందరికీ ఐదు నక్షత్రాలే.

బడిగంట
నక్షత్రాలు పక్కన పెట్టండి. ముందు మీ బడిలోనే అడగండి. రిటైరైన భాషా టీచర్లు, కాన్పుకో పిల్లల కోసమో ఉద్యోగం మానేసిన టీచర్లు ఎవరైనా ఉన్నారేమో ఆఫీసులో చెబుతారు. గ్రంథాలయంలో నోటీసు బోర్డు చూడండి, లైబ్రేరియన్‌ని అడగండి, పిల్లలకు చదివి వినిపించేవాళ్లు వాళ్లకు తెలిసి ఉంటారు. యూనివర్సిటీలో సాహిత్యమో చరిత్రో జర్నలిజమో పీజీ చేస్తున్న అమ్మాయిలు బాగా చెబుతారు, మన చివరిబెంచికి దొరికిన అక్కలాగా. డిగ్రీ కన్నా ఒకటి ముఖ్యం. ఆ మనిషి ఇప్పుడు ఏదైనా రాస్తున్నారా? డైరీ అయినా, పత్రికకు ఉత్తరం అయినా. రాయనివాళ్లకు రాయడంలో ఉన్న కష్టం మర్చిపోయి ఉంటుంది.

రెండోచిత్తు
డెమో క్లాసు గురించి అడిగారు. వివరంగా రాస్తాను, ఇది నా పని కాబట్టి.

అమ్మాయి రాసిన పాత వ్యాసం ఒకటి ముందే పంపండి. డెమోకు వచ్చేసరికి చదివి వచ్చారా లేదా చూడండి. చదవకుండా వచ్చి "వ్యాసంలో ఉపోద్ఘాతం, విషయం, ముగింపు ఉండాలి" అని మొదలుపెడితే వాళ్లు మీ పిల్లకు పాఠం చెప్పడం లేదు, ఎవరికైనా చెప్పే పాఠమే చెబుతున్నారు.

గడియారం చూడండి. ట్యూటర్ ఎంతసేపు మాట్లాడారు, పిల్ల ఎంతసేపు మాట్లాడింది? 2001లో మిషెలీన్ చీ అనే మనస్తత్వవేత్త బృందం ట్యూటర్ల మీద ఒక ప్రయోగం చేసింది. ఎనిమిదో తరగతి పిల్లలకు రక్తప్రసరణ పాఠం. ట్యూటర్లను ఏమీ వివరించవద్దని ఆపేశారు. "ఇంకా చెప్పు", "అది ఎందుకు" లాంటి మాటలతో ప్రోత్సహించడం వరకే. వివరణలు విన్న పిల్లలు ఎంత నేర్చుకున్నారో వీళ్లూ అంతే నేర్చుకున్నారు. ఇది చదివాక నేను క్లాసులో నా మాటలు బాగా తగ్గించుకున్నాను. మొదట్లో భయమేసింది, పని చేయకుండా కూర్చున్నానేమో అని.

దిద్దే పద్ధతి అడగండి. ప్రతి తప్పునూ ఎర్రగా చేసేవాళ్లు వద్దు. ఒక్కో వ్యాసానికి రెండు సంగతులు, అంతకు మించి ఏ పిల్లా మోయలేదు. మార్కులు వేస్తారా అని కూడా అడగండి. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు పిల్లల్ని మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకు మార్కులు, ఒక గుంపుకు వ్యాఖ్యలు, ఇంకో గుంపుకు రెండూ. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగయ్యారు. రెండూ అందుకున్నవాళ్లు మెరుగవలేదు. మార్కు కనబడగానే కళ్లు అక్కడే ఆగిపోతాయి. బడిలో మార్కులు ఎలాగూ తప్పవు, ట్యూషన్‌లో అయినా అవి లేకుండా ఉండనివ్వండి.

తిరగరాయిస్తారా అని అడగండి. నన్నడిగితే అన్నిటికన్నా ఇదే ముఖ్యం. వారానికో కొత్త వ్యాసం రాయించే ట్యూటర్ కన్నా, ఒక్క వ్యాసాన్ని మూడు వారాలు తిరగరాయించే ట్యూటర్ మేలు. ఎస్సే అనే ఇంగ్లీషు మాటకు మూలమైన ఫ్రెంచి మాటకు అర్థం ప్రయత్నం అనే. మొదటి ప్రయత్నంతో ఆపేస్తే ఎలా?

వారానికి ఒక్క గంట చాలు, మధ్యలో తను రాసుకోవడానికి రోజులు కావాలి. ఆన్‌లైనైనా ఎదురుగా అయినా నాకు పెద్ద తేడా కనబడలేదు. ఆన్‌లైన్ అయితే ఇద్దరూ ఒకే డాక్యుమెంటు తెరుచుకోవాలి, టైపు చేసేది పిల్లే అయి ఉండాలి.

చివరిబెంచి
ఒకటి కలుపుతాను. మొదటి క్లాసు అయ్యాక మీ అమ్మాయిని "ఎలా చెప్పారు" అని అడగకండి ఆంటీ. "నువ్వు ఏం చెప్పావు" అని అడగండి.

తొమ్మిదోక్లాసు_అమ్మ
ఇద్దరి డెమో క్లాసులు అయ్యాయి. మీకు చెప్పకుండా ఉండలేను.

మొదటాయన చాలా సిద్ధమై వచ్చారు. తెర మీద స్లయిడ్లు, పేరాకు నాలుగు గళ్లు: పాయింటు, ఆధారం, వివరణ, ముడి. చెప్పింది తప్పని కాదు, చాలా బడుల్లో అదే నేర్పుతారట. మా అమ్మాయి గళ్లు నింపింది. హోంవర్కు పేరా మళ్లీ వచ్చింది, ఈసారి నాలుగు గళ్లలో. నలభై నిమిషాల్లో తను మాట్లాడింది ఐదారు మాటలు.

రెండోది ఒక పీజీ చదివే అమ్మాయి. ఆన్‌లైన్‌లోనే, కానీ వ్యాసం ప్రింటు తీసి ముందు పెట్టుకుని కూర్చుంది. మార్జిన్‌లో పెన్సిలుతో చిన్న చిన్న ప్రశ్నార్థకాలు తప్ప ఇంకేమీ లేవు. ఆదివారం సాయంత్రం సంగతి నేను చెప్పలేదు, తనే అడిగి రాబట్టింది. మా అమ్మాయి "ఎవరిదీ తప్పు కాదు" అనగానే ఆ అక్క వెంటనే "నిజంగానా? ఒక్కరిదీ కాదా?" అంది. మా అమ్మాయి ఆలోచనలో పడింది. నేను వంటగదిలోంచి వింటున్నాను, ఎంతకీ ఇద్దరి గొంతూ వినబడలేదు. ఫోన్ కట్ అయిందేమో అనుకుని తొంగిచూశాను. ఇద్దరూ తెర మీదే ఉన్నారు. అక్క ఎదురుచూస్తోంది. మా పిల్ల పెన్ను కొరుకుతోంది. అప్పుడంది, "టైంటేబుల్ వేసేవాళ్లది. వాళ్లకే అన్నీ ఒకచోట కనబడతాయి."

క్లాసు అయ్యాక చివరిబెంచి చెప్పినట్టే అడిగాను, "నువ్వు ఏం చెప్పావు" అని. పావుగంట చెప్పింది. ఆ అమ్మాయినే పెట్టుకున్నాం.

నిదానం
చదువుతుంటే చాలా సంతోషంగా ఉందండీ. మా అబ్బాయికి కూడా ఈ పోస్టు చూపించాను. "నాకూ అలాంటి అక్క దొరికితే బాగుండేది" అన్నాడు. ఇప్పుడైనా ఆలస్యం కాలేదు, వెతుకుతున్నాం.

ఎర్రసిరా
టీచరుగారు చెప్పకపోతే పేరా చివర్లు, చుక్కలు, కామాలు మాత్రం చూడమనండి. బాగా ఆలోచించిన మాట అక్షరదోషంతో పాడవకూడదు. అది నా బాధ.

తొమ్మిదోక్లాసు_అమ్మ
ఏడు వారాలైంది. ఇదే వ్యాసం నాలుగు చిత్తులు రాసింది. ఎర్రసిరా గారూ, నాలుగో చిత్తు పూర్తిగా చుక్కలు, కామాల కోసమే, మీ మాట గుర్తుపెట్టుకున్నాం. నోటుపుస్తకం నిండా కొట్టివేతలే. మొదటి చిత్తులో ఉన్న ఐదు వాక్యాల్లో ఇప్పుడు ఒక్కటీ లేదు.

తిరగరాసింది బడిలో ఇస్తానంటే టీచరుగారు ఒప్పుకున్నారు. నిన్న తిరిగి ఇచ్చారు. కింద "లోతుగా రాయాలి" అని లేదు. మార్జిన్‌లో మూడో పేరా పక్కన ఇలా ఉంది: "దీనితో నేను ఏకీభవించను. టైంటేబుల్ వేసేది నేనే, శుక్రవారం సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మాట్లాడుకుందాం."

ఇంటికి వచ్చాక స్కూలు బ్యాగు కూడా దించకుండా, ఆ కాగితం తిప్పి వెనకవైపు జవాబు రాయడం మొదలుపెట్టింది. ఇంకా రాస్తోంది.

బడిగంట
అమ్మా, ఆ వెనకవైపు రాసింది కూడా టీచరుగారికి ఇమ్మనండి. చిత్తుగానే ఇమ్మనండి.